లాభానికి ఎన్ని మార్కులు

ఇది ఒక మహాగాథ. ఇందులో కరువు ఉంది, రెండు ఊళ్ళ మధ్య పోరు ఉంది, ఒక మంచివాడికి జరిగిన అన్యాయం ఉంది, ఆలస్యంగా బయటపడిన రహస్యం ఉంది. వెనక డప్పులు మోగుతుండగా చదవదగ్గ కథ.

ఇలా మొదలుపెడితే మీరు చివరిదాకా చదువుతారని ఆశ. నిజానికి ఆ పోరు జరిగిన సంగతి రెండు ఊళ్ళకూ తెలియదు. రహస్యం బయటపడింది గోనెసంచి మూతి కుడుతుండగా. అన్యాయం చేసింది నేను. కాబట్టి డప్పుల వాళ్ళను పంపించేసి కూర్చోండి.

మనస్తత్వశాస్త్రంలో కొత్తగా చేరిన మీకు పనికొచ్చేది ఏదైనా రాయమని మా మేడం కబురు పెట్టారు. ఏం రాయాలని అడిగితే, "నీ ఉద్యోగం గురించి రాయి. ఎట్ల చెయ్యకూడదో కూడా పిల్లలకు తెలియల్ల కదా" అన్నారు. మామూలుగా ఇలాంటివి రిటైరైన పెద్దలు రాస్తారు. నేనూ రిటైరైనవాణ్ణే, కాకపోతే ఇరవై ఎనిమిదో ఏట అయ్యాను. శాలువా కప్పలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఇప్పుడు అనంతపురంలో మా నాయన అంగట్లో పంపుసెట్ల సామాన్లు అమ్ముతున్నాను. ఈ జిల్లాలో బోర్లలో నీళ్ళు పడే తీరు చూస్తే ఇందులో కూడా తొందరగానే రిటైరవుతానని నమ్మకం ఉంది.

ఎనభైల మొదట్లో మేడం దగ్గర నేను పరిశోధక సహాయకుణ్ణి. పేరు గొప్పదే. పని మాత్రం పల్లెలకు బస్సెక్కి పోయి, బడిపిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, అంకెలు చెప్పి, వాటిని తిరిగి చెప్పించుకుని, ఒప్పయితే టిక్కు, తప్పయితే ఇంటూ పెట్టడం. 

విషయం ఏమిటంటే, బెళుగుప్పకు అవతల ఒక పల్లెలో ఒక ధర్మసంస్థ బడిపిల్లలకు పొద్దున్నే రాగిగంజి పోస్తోంది. ఏడాది అయింది. ఇంకో పల్లె బెళుగుప్పకు ఇవతల ఉంది. అదే ఎర్రనేల, అదే వేరుశనగ, అదే ఒంటి అయ్యవారి బడి. గంజి మాత్రం లేదు. ధర్మసంస్థ వాళ్ళు మా మేడాన్ని అడిగింది ఒకటే ప్రశ్న. పొద్దున గంజి తాగిన పిల్లల బుర్ర, తాగని పిల్లల బుర్ర కన్నా బాగా పనిచేస్తుందా? పనిచేస్తే అవతలి ఊళ్ళో గంజి సాగుతుంది, ఇవతలి ఊళ్ళో కొత్తగా మొదలవుతుంది. తేడా లేకపోతే రెండు ఊళ్ళలోనూ పొయ్యి ఉండదు. పందెం అదీ. పందెం కాసింది పిల్లలు. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చెబితే పరీక్ష చెడుతుంది.

పరీక్ష పెట్టేవాళ్ళం ఇద్దరం. రెండో ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన పెద్దాయన. నేను ఆయన్ని మాస్టారూ అనేవాణ్ణి. నలభై ఐదేళ్ళుంటాయి. అంతకు ముందు ఏదో బడిలో గుమాస్తాగా చేసి, అది మూతపడితే ఇక్కడ తేలారు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఇద్దరిదీ. ఆయన చొక్కా జేబులో సూచనల పుస్తకం ఉండేది. ఆ పుస్తకంలో ఉన్నది చేస్తారు, లేనిది చెయ్యరు. ఒకసారి కాఫీకి పిలిస్తే "ఈ టైముకా? పుస్తకంలో ఉందాండీ?" అన్నారు. జోకు వేశారేమో అని ఆయన ముఖం చాలాసేపు చూశాను. వెయ్యలేదు.

ఆ పుస్తకంలోని అంకెల పరీక్ష చాలా సులువు. మూడు అంకెలతో మొదలు. పిల్లవాడు సరిగ్గా చెబితే నాలుగు, ఆ తర్వాత ఐదు, అలా పెంచుకుంటూ పోవాలి. వరసగా రెండుసార్లు తప్పితే ఆపెయ్యాలి. ఆపిన చోట ఎన్ని టిక్కులుంటే అన్ని మార్కులు.

ఇద్దరు మనుషులు రెండు ఊళ్ళు చూస్తున్నప్పుడు ఒక చిక్కు ఉంది. మేడం దాన్ని మాకు విడమరిచి చెప్పారు. "నీ సేరు పెద్దదై ఆయన సేరు చిన్నదైతే రెండు ఊళ్ళ పంటను ఎట్ల పోలుస్తావు? ముందు ఇద్దరి సేరూ ఒకటేనా చూడల్ల. రేపు ఇద్దరూ కలిసి పల్లెకు పోండి. పది మంది పిల్లోళ్ళను కూర్చోబెట్టండి. ఒకరు అడగండి, ఇద్దరూ మార్కులు వేయండి. ఒకరి కాగితం ఒకరు చూడగూడదు. తేడా వచ్చిన చోట ఎందుకు వచ్చిందో మాట్లాడుకోండి. అది తేలినాకనే ఒక్కొక్కరు ఒక్కో ఊరికి పోయేది."

మరుసటి రోజు పొద్దున బస్టాండుకు వెళ్ళాం. బెళుగుప్ప బస్సు రాలేదు. కంట్రోలర్ని అడిగితే "వస్తాదప్పా, ఎప్పుడొస్తాదో దానికే తెల్దు" అన్నాడు. గంటన్నర నిలబడ్డాం. మాస్టారికి మోకాలి నొప్పి. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ సూచనల పుస్తకం చదువుకుంటున్నారు. అప్పుడు నేనొక మాట అన్నాను.

"మాస్టారూ, పిల్లలు ఎక్కడైనా పిల్లలే కదా. మీ వీధి చివర బడి ఉంది. అక్కడ పది మంది దొరకరా? మార్కులు నిజంగానే వేద్దాం, ఒకరిది ఒకరం చూడొద్దు. కాగితం మీద ఊరి పేరొక్కటే కదా మారేది."

ఆయన నా వైపు చూశారు. పుస్తకం తెరిచారు. ఆ పేజీ మొత్తం వేలితో చదివారు.

"పది మంది పిల్లలు అని ఉందండి. ఏ ఊరి పిల్లలని లేదు."

"చూశారా మరి."

"కానీ మేడం గారు పల్లె అన్నారు కదండీ."

"మేడం ఈ బస్సు కోసం ఎప్పుడైనా నిలబడ్డారా?"

ఆయన మోకాలు నా పక్షాన ఓటేసింది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. నా జేబులో మ్యాట్నీ టికెట్టు ఉండటం, ఆట రెండున్నరకు ఉండటం కేవలం కాకతాళీయం అని ఇక్కడ రాద్దామనుకున్నాను. మేడం చదువుతారు గనుక రాయడం లేదు.

మార్కులు నిజంగానే వేశాం. ఆ మాటకు కట్టుబడి ఉన్నాను. పది మందికీ ఇద్దరి మార్కులూ ఒకటే. ఒక్క టిక్కు అటూ ఇటూ కాలేదు. కాగితం పైన ఊరి పేరు ఉన్న చోట పల్లె పేరు రాసింది నేను. మాస్టారు కింద సంతకం మాత్రం చేశారు.

ఆ కాగితం చూసి మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమప్పా, ఇంత బాగా కుదిరిందే!"

"మా ఇద్దరికీ జాతకాలు కలిసినాయి మేడం."

ఆమె నవ్వారు. నా జోకులకు ఆమె నవ్వడం అరుదు. ఆ సంతోషంలో సాయంత్రం మిర్చిబజ్జీ తిన్నాను.

తర్వాత మాస్టారు గంజి ఉన్న ఊరికి, నేను గంజి లేని ఊరికి. 

నా ఊరి అయ్యవారు ముప్పై ఏళ్ళ మనిషి, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మొదటి రోజే నన్ను బడి వెనక్కి తీసుకెళ్ళి చూపించారు. మూడు రాళ్ళ పొయ్యి కాదు, మట్టి, ఇటుకలతో పద్ధతిగా కట్టిన పెద్ద పొయ్యి. పైన తాటాకు పందిరి. పక్కన బోర్లించిన పెద్ద డేగిసా.

"ఇదేమన్నా?" అన్నాను.

"గంజి పొయ్యి."

"మీ ఊళ్ళో గంజి లేదు కదా?"

"వస్తాది కదప్పా. మీరు పరీక్ష పెట్టి పోతే వస్తాదంట. వచ్చినాక కట్టుకుంటా కూర్చుంటే ఇంగ నెల పోతాది. ఊర్లో వాళ్ళే తలా ఒక గంప మట్టి తెచ్చినారు. డేగిసా పీర్లపండగ వాళ్ళది, అడిగి పెట్టుకున్నా." ఆయన గొంతు తగ్గించారు. "పొద్దున పదకొండు అయ్యేతలికి సగం మంది బల్ల మీద తల పెట్టేస్తారప్పా. నిద్ర అనుకుని ఒకణ్ణి కొట్టినా. నిద్ర కాదంట. అప్పటి నుంచి కొట్టేది మానేసినా."

దీనికి జోకు దొరకలేదు. వెతికాను కూడా.

పరీక్ష ఎప్పుడు పెట్టామో చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. వేరుశనగ పీకి కుప్పలు వేసిన రోజులు. బడి అయ్యాక పిల్లలంతా అమ్మలతో పాటు కుప్పల దగ్గరికి పోయి చెట్ల నుంచి కాయలు తెంపుతారు. సాయంత్రం ఆసామి కాయల్ని సేరుతో కొలుస్తాడు. మన వైపు కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి సేరుకు "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. కళ్ళంలో ఒకటి అని నోరు జారితే పంట ఆ ఒక్కదానితో ఆగిపోతుందని భయం. పిల్లలకు మూతి మీద చెయ్యి కూడా పడుతుంది. 

మొదట వచ్చిన పిల్లకు ఎనిమిదేళ్ళు. గోళ్ళలో ఎర్రమట్టి. నేను సెకనుకొక అంకె చొప్పున చెప్పాను: "నాలుగు, ఒకటి, తొమ్మిది."

"నాలుగు, లాభం, తొమ్మిది" అంది.

టిక్కు పెట్టాను. 

ఆగి ఆలోచించి పెట్టానని చెబితే నాకు కొంత గౌరవం మిగిలేది. ఆలోచించలేదు. మా అవ్వ బతికున్నన్నాళ్ళూ పంట రోజుల్లో మా ఇంట్లో ఒకటి అనే అంకె లేదు. ఆ పిల్ల ఒకటిని గుర్తు పెట్టుకుంది, ఒకటిని చెప్పింది, అంతే. 

"ఒకటి అనొచ్చు పాపా, ఇది బడి కదా" అన్నాను సరదాకి.

"అనగూడదు సార్. మా యమ్మ ఇంటే తంతాది."

"మీ యమ్మ ఈడ లేదు."

"మీరు చెప్తారు."

అయ్యవారు గుమ్మం దగ్గర నిలబడి విరగబడి నవ్వారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది లాభమే అన్నారు. అందరికీ టిక్కులు. ఐదు అంకెలు, ఆరు అంకెలు కూడా చెప్పారు. పదకొండుకు తలలు వాల్చే పిల్లలు నా ముందు కూర్చున్నప్పుడు మాత్రం నిటారుగా కూర్చుని చెప్పారు. రోజూ సాయంత్రం అయ్యవారు ఆత్రంగా అడిగేవారు.

"ఎట్ల చెప్తాండారప్పా మా పిల్లోళ్ళు?"

"మార్కులు చెప్పకూడదన్నా."

"చెప్పొద్దులే. ముఖం చూసి తెల్సుకుంటా." నా ముఖం చూసి, "బాగా చెప్తాండారు" అని ఆయనే తేల్చేవారు. నాకూ సంతోషంగా ఉండేది. వాళ్ళ పిల్లలు బాగా చెబుతుంటే ఆ ఊరికి మంచి జరుగుతుందన్నట్టు ఇద్దరం తెగ సంబరపడ్డాం. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. అందులో ఒకడు పరిశోధన విధానాల్లో ఫస్టు క్లాసు.

మళ్ళీ చదవండి ఆ సంబరం వాక్యం. గంజి లేని ఊరి పిల్లలు బాగా చెబితే గంజి అక్కర్లేదని అర్థం. నేను పెట్టే ప్రతి టిక్కూ ఆ పొయ్యి మీద ఒక చెంబు నీళ్ళు.

లెక్కలు కట్టారు. రెండు ఊళ్ళకూ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే గంజి తాగే ఊరు వెంట్రుకవాసి వెనకబడింది. మేడం ఆ కాగితాన్ని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశారు. "నాకు అర్థం కాలేదు" అని మాత్రం అన్నారు. కానీ అర్థం కానిది రాయకుండా ఉండటం ఆమె పద్ధతి కాదు. వచ్చింది వచ్చినట్టు రాసి ధర్మసంస్థకు పంపారు. వాళ్ళ కమిటీ సోమవారం కూర్చుంటుందని కబురొచ్చింది. అప్పటికి వేసవి సెలవులు, బళ్ళు మూతపడి రెండు వారాలైంది.

ఆ ముందు శుక్రవారం నేనూ మాస్టారూ ఫారాలన్నీ గోనెసంచుల్లో పెట్టి కడుతున్నాం. నేను పురికొస పట్టుకున్నాను, ఆయన దబ్బనంతో కుడుతున్నారు. ఉక్కపోత. ఊరికే మాట్లాడాలని మాట్లాడుతున్నాం.

"మీ సీమ పిల్లలు మాత్రం చిత్రమండీ" అన్నారు మాస్టారు.

"ఏం చేసినారు?"

"ఒకటి అనమంటే లాభం అంటారు. లాభమేమిటండీ లాభం? వ్యాపారమా? నాలుగు లాభం తొమ్మిదిట. పుస్తకంలో చెప్పిన అంకె చెప్పినట్టే చెప్పాలని ఉంది. ఇంటూ పెట్టేశాను. పాపం, చాలామంది అక్కడే ఆగిపోయారు."

నేను పట్టుకున్న పురికొస జారింది.

"మాస్టారూ, లాభం అంటే ఒకటి."

"అంటే?"

"ఒకటి అంటే ఒకటే. అదీ, ఇదీ ఒకటే. పంట రోజుల్లో ఒకటి అనరు. కొలిచేటప్పుడు..." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన దబ్బనం గుచ్చినచోటే వదిలేసి నా వైపే చూస్తున్నారు.

"మీరేం వేశారు?" అన్నారు మెల్లగా.

"టిక్కు."

ఆయన జేబులోంచి పుస్తకం తీశారు. తెరవలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

మేడం గదికి పరిగెత్తాం అని రాస్తే బాగుంటుంది. మాస్టారి మోకాలి వల్ల నడిచాం. విషయం చెప్పాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న:

"పిల్లోళ్ళు నోటితో ఏమన్నారో ఫారంలో రాసినారా?"

రాయలేదు. టిక్కులూ ఇంటూలే. ఏ ఇంటూ మరచిపోయినందుకు పడిందో, ఏది లాభం అన్నందుకు పడిందో దేవుడికి కూడా తెలియదు. ఫారాలన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ నోరు లేదు.

రెండో ప్రశ్నకు ముందు ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీశారు. మేము మొదట్లో ఇచ్చిన పది మంది పిల్లల కాగితం. పైన నా చేతిరాతలో పల్లె పేరు.

"మీరిద్దరూ కలిసి పది మందిని చూసినారు కదా. ఆ పది మందిలో ఒక్కరు కూడా లాభం అనలేదా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను ఆ కాగితం వైపు చూశాను. నాకు నోరు చెడ్డదని, దేనికైనా ఠక్కున ఏదో ఒకటి అనేస్తానని కాలేజీ అంతా పేరు. ఆ రోజు ఆ నోట్లో ఏమీ లేదు. ఉన్నది ఒకటే వాక్యం, చిన్నది, "మేడం, మేము పల్లెకు పోలేదు" అనేది. ఫ్యాన్ తిరుగుతోంది. అది కాస్త ఆగినా చెప్పేవాణ్ణేమో. కరెంటు కూడా ఆ రోజు పోలేదు. రోజూ పోయేది.

మాస్టారే అన్నారు: "లేదండి. వాళ్ళెవరూ అనలేదు."

అది నిజం. వీధి చివర బడిలో చదువుకునే పట్నం పిల్లలు లాభం ఎందుకంటారు? ఆయన అబద్ధం చెప్పలేదు. నాకోసం ఒక నిజం వెతికి చెప్పారు.

"అంటే సూచనలను మీరు మరీ అక్షరాలా తీసుకున్నారు" అన్నారు మేడం ఆయనతో. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

సోమవారం మేడంతో పాటు ఫైళ్ళు మోసుకుంటూ కమిటీకి వెళ్ళాను. ఆమె ఏదీ దాచలేదు. లోపం ఉంది, ఈ ఫలితాన్ని నమ్మొద్దు అని నిలబడి చెప్పారు. కమిటీ పెద్దమనిషి మర్యాదస్తుడే. టీ ఇప్పించాడు.

"మేడం, లోపం లేకుంటే గంజి ఊరే ముందుంటుండెనా?"

"చెప్పలేను."

"మళ్ళా పరీక్ష పెడితే?"

"పెట్టచ్చు. బళ్ళు తెరిచినాక మళ్ళా కొన్ని నెలలు గంజి పోసి చూడల్ల."

"గంజి పనికొస్తాదని తేలితే కదా మేడం గంజి పోసేది?"

ఆ వాక్యం గుండ్రంగా ఉంది. ఎటు పట్టుకున్నా జారుతుంది. ఆ రాగులను వాళ్ళు ఇంకో జిల్లాకు మళ్ళించుకున్నారు. అక్కడి పిల్లలూ పిల్లలే. నాకు అభ్యంతరం లేదు.

పల్లెకు ఆ మాట చెప్పడానికి నేనే వెళ్తానన్నాను. బస్సు టైముకు వచ్చింది. అయ్యవారు సెలవులైనా ఊళ్ళోనే ఉన్నారు. వానకు ముందే పొయ్యికి మళ్ళీ మట్టి మెత్తుతున్నారు. చేతులు మోచేతుల దాకా బురద. నన్ను చూసి లేచారు. ముఖం చూసి తెలుసుకునే మనిషి కదా, సగం తెలిసిపోయింది.

"లేదంటనా?"

"లేదంటన్నా."

"ఏమి? మా పిల్లోళ్ళు సరిగ్గా చెప్పల్యా?"

"బాగా చెప్పినారు. అదే..."

"బాగా చెప్పినారంటాండావు. మళ్ళా లేదంటాండావు."

"బాగా చెప్పినారు కాబట్టే లేదన్నా. గంజి తాగకుండానే ఇంత బాగా చెప్తే ఇంగ గంజి ఎందుకని..."

ఆయన చేతికి అంటిన బురద ఎండి పగుళ్ళిస్తోంది.

"ముందే చెప్పింటే తప్పులు చెప్పమని నేర్పిచ్చేవాణ్ణి కదప్పా" అన్నారు. "తప్పులు నేర్పేదెంత సేపు? ఒకపూట పని."

నేను మాస్టారి గురించి, లాభం గురించి అంతా చెప్పాను. ఆయన విన్నారు. పొయ్యి మీద అరచేతితో ఒకసారి రాశారు, నునుపు చూస్తున్నట్టు. "సరే పోనీలే. పీర్లపండగ వాళ్ళకు డేగిసా ఇచ్చేయల్ల. వాళ్ళు అడిగేకి మొగమాటపడతాండారు" అన్నారు. నాకు మజ్జిగ ఇప్పించారు. నేను తాగాను. అదీ రాయాల్సిందే గనుక రాస్తున్నాను.

జూన్‌లో ఉద్యోగాలు పొడిగించే కాగితాలొచ్చాయి. నాది వచ్చింది. మాస్టారిది రాలేదు. సూచనలు అర్థం చేసుకోవడంలో లోపం అని ఎక్కడో రాశారట. 

పొద్దున ప్యాసింజరుకు ఆయన వెళ్ళిపోతుంటే స్టేషనుకు వెళ్ళాను. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఉంటే ఇద్దరం కూర్చున్నాం. ఎన్నో జోకులు వేశాను. ఆయన ఎప్పటిలాగే ఒక్కదానికీ నవ్వలేదు. బండి వస్తున్నప్పుడు అడిగాను.

"మాస్టారూ, ఆ రోజు మేడంతో చెప్పేసి ఉండొచ్చు కదా. పల్లెకు పోలేదని. నేనే వద్దన్నానని."

ఆయన ట్రంకుపెట్టె పిడి పట్టుకున్నారు.

"మీరు చెబుతారనుకున్నానండి" అన్నారు.

నేను పెట్టె రెండో పిడి పట్టుకుని ఎక్కించాను. బండి కదిలాక చెయ్యి ఊపారు. ఏ కోపమూ లేదు ఆ చేతిలో.

పది రోజులు పట్టింది నాకు. పదకొండో రోజు మేడం గదిలోకి వెళ్ళి, నిలబడే, బస్సు, మోకాలు, వీధి చివర బడి, మ్యాట్నీ టికెట్టు, అన్నీ చెప్పాను. ఆమె విన్నారు. అరుస్తారనుకున్నాను.

"అంత బాగా కుదిరినప్పుడే నేను అడగాల్సింది" అన్నారు. "ఎన్ని గంటల బస్సుకు పోయినారు, ఏ పిల్లోడు ఏమన్నాడు అని అడగాల్సింది. చెడ్డగా వచ్చుంటే వందసార్లు అడిగుందును. బాగుండాదని ఊరుకున్నా."

అదే రోజు మాస్టారికి ఉత్తరం రాశారు, తిరిగి రమ్మని. ఆయన కార్డు రాశారు. రైసుమిల్లులో చేరిపోయారట, ఆరోగ్యం బాగుందట, మేడం గారికి నమస్కారాలట, నేను ఒంటి మీద శ్రద్ధ పెట్టాలట. నేను ఆ ఏడాది గడువు పూర్తిచేసి మానేశాను. ఎవరూ పొమ్మనలేదు. అది కూడా ఒక ఇబ్బందే.

గంజి ఆ పిల్లలకు పనిచేసేదో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఉన్న ఒకే ఒక అవకాశాన్ని మేమే పాడుచేశాం. పనిచేసేది అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలనిపిస్తుంది. కానీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పడం మానమని కదా మీకు ఈ శాస్త్రం నేర్పేది. మనకు ఇష్టమైన జవాబు వచ్చినప్పుడు ఇంకోసారి అడగండి. అంతకు మించి నా దగ్గర ఉపదేశం లేదు. ఇది కూడా మేడం మాటే, నాది కాదు.

ఆమె ఆ తర్వాత ఫారం మార్చారు. టిక్కు, ఇంటూ గళ్ళ పక్కన వెడల్పుగా ఇంకో గడి గీయించారు. పిల్ల నోటితో ఏమందో అక్షరం పొల్లు పోకుండా అందులో రాయాలి. మీకు ఇచ్చేది ఆ ఫారమే. ఆ గడి వల్ల అది ఇప్పుడు రెండు కాగితాలైంది. విడిపోకుండా పిన్ను కొట్టుకోవాలి. పిన్నులు ఆఫీసులో ఇవ్వరు, మీరే తెచ్చుకోండి.